నికోటిన్ లేని వేప్ ఎవరికి పనికొస్తుంది? సిగరెట్ మానాలనుకునే విశాఖవాసికి పోలికలు, సలహాలు

వేప్ అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్. నికోటిన్ (పొగాకులో అలవాటు పట్టించే పదార్థం) లేని వేప్ గురించి విశాఖలో ఆరా తీసేవాళ్లు ఎక్కువగా రెండు రకాలు. ఒకరు రోజుకు అర పెట్టో, పెట్టో కాల్చేవాళ్లు. సిగరెట్ మానడానికి దీన్ని ఒక మెట్టుగా వాడుకోవచ్చా అని అడుగుతారు. రెండోవాళ్లు సిగరెట్ ఎన్నడూ ముట్టని కాలేజీ పిల్లలు. "నికోటిన్ లేదుగా, వట్టి ఆవిరేగా" అంటారు. మొదటివాళ్లకు దీనివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. రెండోవాళ్లకైతే లేని నష్టాన్ని కొని తెచ్చుకోవడమే. కారణాలేమిటో, దాని బదులు ఎవరు ఏది ఎంచుకుంటే మంచిదో చూద్దాం.

"నికోటిన్ లేదు కాబట్టి కేసు లేదు" అనే మాట

అమ్మేవాళ్లు మొదట చెప్పేది ఇదే. ఇది తప్పు. 2019 నాటి ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం తన నిర్వచనంలోనే ఆ సందు మూసేసింది. నికోటిన్ ఉన్నా లేకున్నా, ఫ్లేవర్ ఉన్నా లేకున్నా, ఒక పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి పొగమంచులాంటిది పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా ఈ-సిగరెట్టే. ఈ-హుక్కా కూడా అంతే. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషిద్ధం. అమ్మకం, దిగుమతి లాంటివాటికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే 6 నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకోవడం కూడా దిగుమతి కిందికే వస్తుంది. ఇక్కడ కొన్నది జేబులో వేసుకుని సింగపూర్ విమానం ఎక్కడం ఇంకా ప్రమాదం. అక్కడ 2018 నుంచి దగ్గర ఉంచుకోవడం, పీల్చడం కూడా నేరాలే.

జైలు, జరిమానాల మాట అటుంచండి. కొనేవాడికి నిషేధం వల్ల వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. చట్టబద్ధంగా అమ్మే సరుకు లేనప్పుడు పరీక్షించిన సరుకూ ఉండదు. సీసా మీద "0 మి.గ్రా." అని ఉంటే ఆ సున్నాకు పూచీ పడేవాడు ఎవడూ లేడు.

ఆ ఆవిరిలో ఏముంటుంది

నిజానికి అది నీటి ఆవిరి కాదు. ద్రవంలో ఎక్కువ భాగం రెండు పదార్థాలు: ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్. వాడేవాళ్లు వీటిని పీజీ, వీజీ అంటారు. పీజీ పలుచగా ఉండి గొంతులో గరగరలాడిస్తుంది, వీజీ చిక్కగా ఉండి తెల్లటి మేఘాన్ని పుట్టిస్తుంది. వీటికి ఫ్లేవర్లు, తీపి కోసం కొన్నిట్లో సుక్రలోజ్ కలుస్తాయి. దూది వత్తి ఈ ద్రవాన్ని పీల్చుకుంటుంది. దాని చుట్టూ నిక్రోమ్‌తోనో, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన లోహంతోనో చేసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. దాన్ని లిథియం బ్యాటరీ వేడెక్కిస్తుంది. అంతా సవ్యంగా ఉంటే తీగ వేడి 200 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది.

సవ్యంగా లేనప్పుడే అసలు గొడవ. ద్రవం అడుగంటినా, వెంటవెంటనే దమ్ము లాగినా, చిక్కటి వీజీ వత్తిలోకి వేగంగా ఎక్కకపోయినా దూది పొడిబారుతుంది. చల్లబరిచే ద్రవం లేక తీగ వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు గ్లిజరిన్ విరిగి అక్రోలిన్ పుడుతుంది. మూకుడులో నూనె మాడితే కళ్లు మండించే ఘాటు ఈ అక్రోలిన్‌దే. దానికి తోడు ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్ వస్తాయి. నోటికి మాడు రుచి తగలగానే చాలామంది ఆపేస్తారు. కానీ తీపి, చల్లదనం దట్టించిన ఫ్లేవర్లలో ఆ రుచి తొందరగా తెలియదు. సుక్రలోజ్ తీగ మీద మాడి నల్లటి పెచ్చు కట్టడం, పాతబడిన తీగ నుంచి, అతుకుల నుంచి నికెల్, క్రోమియం, సీసం అణువులు ఆవిరిలో కలవడం కూడా మామూలే. వీటిలో ఏదీ నికోటిన్ వల్ల జరగదు కాబట్టి, నికోటిన్ తీసేసినంత మాత్రాన ఏదీ తగ్గదు.

ఫ్లేవర్ల సంగతి మరీ గందరగోళం. "తినే పదార్థాల్లో వాడేదే" అని డబ్బా మీద రాస్తారు. తిన్నది కడుపులోకి, కాలేయంలోకి వెళ్లి అక్కడ విరుగుతుంది. పీల్చింది నేరుగా ఊపిరితిత్తుల్లోని గాలిగదుల పలుచటి పొర మీద పడుతుంది. వెన్న వాసనకు వాడే డయాసిటైల్ తింటే హాని లేదు. అదే పదార్థాన్ని 2000 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులు రోజూ పీల్చారు, వాళ్లలో కొందరికి సన్నటి గాలిగొట్టాలు మచ్చకట్టి శాశ్వతంగా మూసుకుపోయాయి. వేప్ పీల్చే ప్రతివాడికీ ఆ జబ్బు వస్తుందని కాదు. తినే భద్రత పీల్చే భద్రత కాదనడానికి మాత్రం ఈ ఒక్క ఉదాహరణ చాలు. దాల్చినచెక్క వాసననిచ్చే సిన్నమాల్డిహైడ్ గాలిగొట్టాలను శుభ్రం చేసే సన్నటి కేశాల కదలికను మందగింపజేస్తుందని ప్రయోగశాలల్లో తేలింది.

రక్తనాళాల మీద ప్రభావం గురించి ఒక పరిశోధన చెప్పుకోదగ్గది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు పొగ అలవాటు లేని 31 మంది ఆరోగ్యవంతులైన యువకుల చేత నికోటిన్ లేని వేప్ ఒక్క విడత, 16 దమ్ములు పీల్పించి, ముందూ తర్వాతా ఎంఆర్‌ఐ తీశారు. తొడ ధమని విచ్చుకునే శక్తి సగటున 34 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2019లో వచ్చాయి. ఆ మార్పు కాసేపు ఉండి పోయేదే. రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి అదే జరిగితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. అయినా "నికోటిన్ లేకపోతే ఒంటికి ఏమీ కాదు" అనే మాట మాత్రం దానితో చెల్లకుండా పోయింది.

2019లో అమెరికాను భయపెట్టిన ఊపిరితిత్తుల జబ్బు వేరే కథ. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ప్రధాన కారణంగా తేలింది విటమిన్ ఈ అసిటేట్. గంజాయి సారం ఉన్న దొంగచాటు సరుకును చిక్కబరచడానికి దాన్ని కలిపారు. మామూలు జీరో (నికోటిన్ లేని) వేప్‌కూ దానికీ నేరుగా సంబంధం లేదు. సంబంధమల్లా ఎవరు కలిపారో, ఏం కలిపారో తెలియని సీసా దగ్గరే, మన ఊళ్లో దొరికే ప్రతి సీసా అలాంటిదే.

సిగరెట్ పక్కన పెట్టి చూస్తే జీరో వేప్‌లో ఆకు కాలడం లేదు, తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. ఆ మేరకు హాని తక్కువన్నది నిజమే. సిగరెట్ కాల్చనివాడు పోల్చుకోవాల్సింది సిగరెట్‌తో కాదు, మామూలు గాలితో. పోర్టు బొగ్గు దుమ్ముకు ఇప్పటికే దగ్గేవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు దీని జోలికే పోకూడదు. పీజీ, గ్లిజరిన్ రెండూ గాలిగొట్టాలను రేపుతాయి.

ఆ సున్నా నిజంగా సున్నాయేనా

2009లోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ "నికోటిన్ లేదు" అని రాసిన వేప్ ద్రవపు గొట్టాలను పరీక్షిస్తే ఒకటి తప్ప అన్నింట్లో కొద్దో గొప్పో నికోటిన్ ఉంది. ఒకే యంత్రం మీద, ఒకే తొట్టెలో అన్ని రకాలూ నింపేచోట ఇలా జరగడం వింతేమీ కాదు. రంగు చూసి, వాసన చూసి కనిపెట్టలేం. ఫ్రూట్ ఫ్లేవర్ "జీరో" మొదలుపెట్టిన కుర్రాడికి నాలుగు వారాలు తిరిగేసరికి అది లేకపోతే చిరాకు, నిద్రపట్టకపోవడం, ఏకాగ్రత లేకపోవడం కనిపిస్తుంటే ఆ సున్నాను నమ్మకండి.

మరి అది ఎందుకు పుట్టింది

మానేందుకు సాయపడుతుందనేవాళ్లు ఒక సంగతి చెప్పరు. నికోటిన్ వేప్‌లు సిగరెట్ మాన్పించగలవా అని విదేశాల్లో జరిగిన పరీక్షల్లో, పోలిక కోసం రెండో జట్టుకు ఇచ్చే ఉత్తుత్తి మందు ఈ నికోటిన్ లేని వేపే. వైద్య పరీక్షలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షలు ఆ పరీక్షలన్నీ కలిపి చూసి, నికోటిన్ ఉన్నదే ఎక్కువమందిని మాన్పించిందని తేల్చాయి. పరీక్షలో డమ్మీగా ఇచ్చినదాన్నే ఇక్కడ మందని చెప్పి అమ్ముతున్నారు.

దానికి కాస్తంత అర్థం ఉన్న చోటు ఒక్కటే: చట్టం అనుమతించే దేశాల్లో 20, 12, 6, 3 మి.గ్రా. నికోటిన్ అంటూ దిగివచ్చినవాడికి చిట్టచివరి మెట్టుగా. అక్కడా ఒక మెలిక ఉంది. నికోటిన్ తగ్గించేకొద్దీ మనిషి తెలియకుండానే దమ్ము పొడవు పెంచుతాడు, ఎక్కువసార్లు లాగుతాడు, ద్రవం ఎక్కువ ఖర్చవుతుంది. నికోటిన్ తగ్గినా పీల్చే ఫార్మాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్లు పెరుగుతాయి. విదేశాల్లో నికోటిన్ వేప్‌కు అలవాటుపడి విశాఖ తిరిగొచ్చినవాళ్లు ఆ మెట్లన్నీ దిగడం కన్నా నమిలే నికోటిన్ గమ్‌కో, చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్‌కో మారిపోవడం మేలు.

ముందు మీకు ఏది కావాలో తేల్చుకోండి

పొద్దున లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి వెలిగిస్తారు? అరగంటలోపే అయితే మీ ఒంటికి కావాల్సింది నికోటిన్. చేతిలో ఏది పెట్టినా, నోట్లోంచి ఎంత మేఘం వదిలినా ఆ పీకుడు ఆగదు. మధ్యాహ్నం దాకా గుర్తురాకుండా, టీ కొట్టు దగ్గర స్నేహితులు కలిస్తేనో, బీచ్ రోడ్డులో సాయంత్రం నిలబడితేనో నోరు పీకుతుంటే మీది ఎక్కువగా చేతి అలవాటు, చోటు అలవాటు. జీరో వేప్ ఏమైనా తీర్చగలిగితే ఈ రెండోదే తీర్చాలి. దానికి ఇంతకన్నా చవకైనవి, హాని లేనివి ఉన్నాయి.

కూల్‌డ్రింకు స్ట్రాను సిగరెట్ పొడవున కత్తిరించి జేబులో ఉంచుకోండి. పీకుడు మొదలైనప్పుడు దానిగుండా మూడు సెకన్లు గాలి లాగి, నెమ్మదిగా వదలండి, పదిసార్లు. చూడ్డానికి చిన్నతనంగా ఉంటుంది, పనిచేస్తుంది. పీకుడు అల ఒకటి సాధారణంగా 3 నుంచి 5 నిమిషాలకు మించి నిలవదు. సోంపు, లవంగం, యాలక్కాయ, ఎండు ఉసిరి కూడా సరే. వక్కపొడి మాత్రం వద్దు. సిగరెట్ మానిన చాలామంది దాని మీద పడతారు. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది, నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే జబ్బూ దానివల్లే వస్తుంది.

తులసి బీడీలు, హెర్బల్ సిగరెట్లు, "పొగాకు లేని" హుక్కా, ఇవన్నీ వేప్ కన్నా కూడా అధ్వానం. ఏ ఆకు కాలినా తారు, కార్బన్ మోనాక్సైడ్ తప్పవు, హుక్కాలో బొగ్గు అదనం.

నికోటిన్ కావాల్సినవాళ్లకు: గమ్, ప్యాచ్, మాత్రలు

గమ్ 2 మి.గ్రా., 4 మి.గ్రా. అని రెండు మోతాదుల్లో వస్తుంది. 2 మి.గ్రా. గమ్ మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు, 4 మి.గ్రా.కు డాక్టర్ చీటీ కావాలి. లేచిన అరగంటలోపే వెలిగించేవాళ్లకు 4, మిగతావాళ్లకు 2. "గమ్ వాడాను, పనిచేయలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలినవాళ్లే. పద్ధతి ఇదీ:

వాడటానికి 15 నిమిషాల ముందు నుంచి టీ, కాఫీ, సోడా, నిమ్మరసం ఆపాలి. నోరు పుల్లగా ఉంటే నికోటిన్ బుగ్గ పొరలోంచి ఇంకదు. గమ్‌ను నెమ్మదిగా పది పదిహేనుసార్లు నమలండి. మిరియపు ఘాటు, చురచుర మొదలవగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టండి. నిమిషానికి ఘాటు తగ్గుతుంది, మళ్లీ కొద్దిగా నమిలి ఈసారి రెండో బుగ్గకు మార్చండి. ఇలా అరగంట. గబగబా నమిలి ఊట మింగితే ఎక్కిళ్లు, గుండెలో మంట, వికారం. పైగా మింగిన నికోటిన్ కాలేయంలోనే చాలావరకు విరిగిపోతుంది.

రెండో తప్పు, పీకుడు వచ్చాకే గమ్ కోసం వెతుక్కోవడం. సిగరెట్ దమ్ములోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్‌ది పూర్తిగా ఎక్కడానికి 20, 30 నిమిషాలు. అందుకే గడియారం చూసి వాడాలి: మొదటి 6 వారాలు గంట, రెండు గంటలకొకటి, 7 నుంచి 9 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, 10 నుంచి 12 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. రోజుకు 24కు మించకూడదు. పెట్టె సిగరెట్లు కాల్చినవాడు రోజుకు మూడు గమ్‌లతో సరిపెట్టి, రెండో వారంలో ఆపేస్తే మళ్లీ సిగరెట్ పట్టడం ఖాయం.

పళ్ల సెట్టు ఉన్నవాళ్లు, దవడ నొప్పి ఉన్నవాళ్లు గమ్ బదులు లాజెంజ్ (నికోటిన్ బిళ్ల) చప్పరించవచ్చు, నమలకూడదు. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టు మధ్యలో గంటగంటకూ నోట్లో వేసుకోవడం కుదరనివాళ్లకు ప్యాచ్ అనుకూలం. రోజుకు పదికి మించి కాల్చేవాళ్లకు 21 మి.గ్రా. ప్యాచ్ 6 వారాలు, 14 రెండు వారాలు, 7 రెండు వారాలు. మన ఊరి ఉక్కపోతలో ప్యాచ్‌తో వచ్చే ఇబ్బంది ఒకటే, చెమటకు ఊడిపోవడం. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక, నూనె, పౌడరు లేని చోట, వెంట్రుకలు లేని పైచేతి మీదో ఛాతీ పైభాగంలోనో పెట్టి, అరచేత్తో పది సెకన్లు గట్టిగా అదిమిపట్టండి. రోజూ చోటు మార్చాలి, లేకపోతే దద్దుర్లు. రాత్రి విపరీతమైన కలలొస్తే పడుకునేముందు తీసేయండి. ఎంఆర్‌ఐకి ముందు తీయడం మరవద్దు. ప్యాచ్ మీద గమ్ కలిపి వాడితే ఏదో ఒక్కటే వాడినదానికన్నా ఎక్కువమంది మానగలుగుతున్నారు. ఎక్కువ కాల్చేవాళ్లకు మేం మొదట చెప్పేది ఈ జోడీనే.

ఇవి రెండూ ఫలించనివాళ్లకు వరెనిక్లిన్. ఇది డాక్టర్ చీటీ మందు. మొదటి 3 రోజులు 0.5 మి.గ్రా. ఒకసారి, 4 నుంచి 7వ రోజు దాకా రెండుసార్లు, 8వ రోజు నుంచి 1 మి.గ్రా. రెండుసార్లు, మొత్తం 12 వారాలు. సిగరెట్ మానే రోజు రెండో వారంలో పెట్టుకోవాలి. భోజనం చేసి, గ్లాసు నిండా నీళ్లతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాల్సి రావచ్చు. బుప్రోపియాన్ మరో మందు. మూర్ఛ ఉన్నవాళ్లకు అది కూడదు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు గమ్, ప్యాచ్ కూడా డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టవద్దు.

చీటీకి, సలహాకు కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, పెదవాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది, చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే పొగాకు మానడానికి జాతీయ ఉచిత లైన్ 1800-11-2356. మానేటప్పుడు దిగులు, ఆందోళన మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య లైన్ టెలీమానస్ 14416.

ఊళ్లలో చుట్ట అడ్డపొగ తాగే అమ్మలకు, నాయనమ్మలకు ఇవేవీ ముందు మాట కాదు. నిప్పు నోట్లోపల పెట్టుకోవడం వల్ల దెబ్బతినేది అంగిలి. ముందు వాళ్లను దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లి అంగిలి మీద తెల్ల మచ్చలు, ఎర్రటి పుండ్లు ఉన్నాయేమో చూపించాలి, మాన్పించే సంగతి అదే డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

మానిన వారంలో కాఫీ, మందులు, పాత వేప్

సిగరెట్ పొగ కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొట్టి కాఫీని త్వరగా కరిగిస్తుంది. పొగ ఆగగానే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, దడ, నిద్రలేమి వస్తాయి. నికోటిన్ మానడం వల్లేనని చాలామంది పొరబడతారు. కాఫీ, టీ సగానికి తగ్గించండి. థియోఫిలిన్ (ఉబ్బసం మందు), క్లోజపిన్ (మానసిక జబ్బు మందు) వాడేవాళ్లు మానే తేదీ ముందే డాక్టర్‌కు చెప్పాలి, మోతాదు మార్చాల్సి ఉంటుంది. గమ్, ప్యాచ్ వాడుతున్నా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే ఆ ఎంజైమును రెచ్చగొట్టేది నికోటిన్ కాదు, పొగ.

ఇంట్లో ఇప్పటికే వేప్ ఉంటే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండిలో పడేయకండి. లోపలి లిథియం బ్యాటరీ బండిలో నలిగితే మంట అంటుకుంటుంది. పాత సెల్‌ఫోన్లతో పాటు ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి, ఇచ్చేదాకా దాన్నీ సీసానూ పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి. మీద "0 మి.గ్రా." అని ఉన్నా సరే.